ఇల్లు, వాకిలి, గ్రామకంఠం: కూల్చివేత, తరలింపుల పట్ల గ్రామీణ వృద్ధుల దృక్పథం – మాదాపూర్ నేపథ్యంగా చారిత్రక పరిశీలన

సారాంశం

అభివృద్ధి పథకాల కోసం ఇళ్లను కూల్చి ప్రజలను తరలించే సందర్భాల్లో వృద్ధులు చూపే అయిష్టతను "పుట్టిన ఊరిపై మమకారం"గా వర్ణించడం పరిపాటి. ఈ వర్ణన అసత్యం కాదు, కానీ అసంపూర్ణం. వృద్ధులకు ఇల్లు నివాసం మాత్రమే కాదు. కుటుంబంలో తమ మాట చెల్లడానికి, చివరి రోజుల్లో తమ పోషణ సాగడానికి ఉన్న పూచీ కూడా అదే. ఆ పూచీ కూల్చివేత తరువాత ఎవరి చేతికి వెళుతుందన్న ప్రశ్నే వారి వైఖరిని ప్రధానంగా నిర్ణయిస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మాదాపూర్ గ్రామం ఐటీ కారిడార్‌గా మారిన తీరును కేంద్రంగా తీసుకుని, శ్రీశైలం, మల్లన్నసాగర్ ముంపు గ్రామాల అనుభవంతోను, 2024లో మూసీ తీరంలో జరిగిన తరలింపుతోను పోల్చి, 1894 నుంచి 2013 వరకు భూసేకరణ, పునరావాస నిబంధనల్లో వృద్ధుల స్థానం ఎలా మారిందో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మాదాపూర్, గ్రామకంఠం, వృద్ధులు, భూసేకరణ, పునరావాసం, ముంపు గ్రామాలు, సైబరాబాద్.

1. ఉపోద్ఘాతం

మాదాపూర్ అనగానే నేటి పాఠకునికి సైబర్ టవర్స్, దుర్గం చెరువు తీగల వంతెన, మెట్రో స్టేషన్, వరుసగా నిలిచిన హాస్టళ్లు గుర్తుకొస్తాయి. అది ఒక రెవెన్యూ గ్రామం పేరు అన్న సంగతి వెనకబడిపోయింది. పక్కనే ఉన్న ఖానామెట్, ఇజ్జత్‌నగర్, గుట్టల బేగంపేట, కొండాపూర్, కొత్తగూడ, రాయదుర్గం, గచ్చిబౌలి పేర్లకూ ఇదే గతి పట్టింది. ఈ గ్రామాల్లో తరి, ఖుష్కీ భూములు సాగుచేస్తూ, పశువులు కాస్తూ యౌవనం గడిపినవారు ఇప్పుడు వృద్ధులు. వారిలో చాలామంది ఊరు విడిచి ఎక్కడికీ వెళ్లలేదు. ఊరే వారి చుట్టూ మారిపోయింది.

ఈ పరిశీలనలో "గ్రామీణ వృద్ధులు" అన్న మాటను మూడు వర్గాలకు వర్తింపజేస్తున్నాను. ఒకటి, మాదాపూర్ వంటి గ్రామాల్లో ఉన్నచోటనే నగరవాసులైనవారు. రెండు, ప్రాజెక్టుల కింద గ్రామమే అంతరించి మరోచోటికి తరలినవారు. మూడు, బతుకుదెరువుకు పల్లె విడిచి నగరపు బస్తీల్లో స్థిరపడి, అక్కడే వృద్ధాప్యానికి చేరినవారు. కూల్చివేత ఈ ముగ్గురికీ ఒకే విధంగా ఎదురుకాలేదు. అందువల్ల వారి వైఖరీ ఒకటి కాదు. చట్టాలు, ప్రభుత్వ ఉత్తర్వులు, బహిరంగంగా నమోదైన ఘటనలు ఈ పరిశీలనకు ఆధారాలు.

నిర్వాసితులపై అంతర్జాతీయ పరిశోధన ఈ విషయంలో రెండు మార్గాల్లో సాగింది. బోస్టన్ నగరంలోని వెస్ట్ ఎండ్ కూల్చివేత తరువాత అక్కడి నివాసుల మానసిక స్థితిని అధ్యయనం చేసిన మార్క్ ఫ్రీడ్, 1963లో, ఇల్లు కోల్పోవడాన్ని ఆప్తుల మరణం వల్ల కలిగే దుఃఖంతో పోల్చాడు. ఆఫ్రికాలో కరీబా ఆనకట్ట వల్ల తరలిపోయిన గ్వెంబే టోంగా ప్రజలపై ఎలిజబెత్ కోల్సన్, థాయర్ స్కడ్డర్ దీర్ఘకాలం పనిచేశారు. మైకేల్ సెర్నియా మరో మార్గంలో నిర్వాసితులకు ఎదురయ్యే పేదరికపు ముప్పులను ఎనిమిదిగా విభజించాడు. భూమి, ఉపాధి, ఇల్లు పోవడంతో పాటు సామాజిక బంధాలు తెగిపోవడాన్ని కూడా వాటిలో చేర్చాడు. మొదటి మార్గం దుఃఖాన్ని, రెండోది నష్టాన్ని కొలిచింది. వృద్ధుల విషయంలో ఈ రెండూ ఒకే చోట కలుస్తాయి. ఆ కలయిక కుటుంబం లోపల జరుగుతుంది కాబట్టి గణాంకాలకు సులభంగా అందదు.

2. మాదాపూర్: గ్రామం నుంచి కారిడార్ వరకు

హైదరాబాద్ నగరాన్ని చుట్టి ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా ప్రాంతంలో నిజాం సొంత ఆదాయానికి చెందిన సర్ఫ్-ఎ-ఖాస్ భూములు, పైగా ప్రభువుల జాగీర్లు కలగలిసి ఉండేవి. 1949లో జాగీర్ల రద్దు, 1950లో హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చిన తరువాత భూయాజమాన్యం మారడం మొదలైంది. కౌలుదారులు, రక్షిత కౌలుదారులు, ఇనాందార్లు, తరువాతి దశాబ్దాల్లో ప్రభుత్వ అసైన్‌మెంట్ పట్టాలు పొందిన దళిత, వెనుకబడిన కులాల కుటుంబాలు – ఇలా ఒకే గ్రామంలో పలు రకాల హక్కులు పక్కపక్కన నిలిచాయి. ఎవరి హక్కు ఎలాంటిదన్నది సాగు సాగినంతకాలం పెద్ద ప్రశ్న కాలేదు. భూమికి ధర వచ్చిన రోజున అదే ప్రధాన ప్రశ్న అయింది.

నగర విస్తరణ మెట్లుమెట్లుగా జరిగింది. 1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం గచ్చిబౌలి వైపు భూములు పొందింది. 1975లో హుడా ఏర్పడింది. 1978 ఆగస్టు 15న నగరాన్ని చుట్టి ఉన్న గ్రామీణ భాగం రంగారెడ్డి జిల్లాగా వేరుపడింది. అసలు మలుపు 1990ల చివరలో వచ్చింది. ప్రభుత్వ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ, ఎల్ అండ్ టీ కలిసి సుమారు 150 ఎకరాల్లో హైటెక్ సిటీని చేపట్టాయి. 1998 నవంబర్ 22న ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. 1999లో "విజన్ 2020" పత్రం వెలువడింది. 2001లో సుమారు 52 చదరపు కిలోమీటర్ల పరిధితో సైబరాబాద్ అభివృద్ధి సంస్థ ఏర్పడింది. 2007 ఏప్రిల్‌లో శేరిలింగంపల్లి పురపాలక సంఘం బృహత్ హైదరాబాద్ మహానగరపాలక సంస్థలో విలీనమైంది. 2008లో సైబరాబాద్ సంస్థ కూడా హెచ్‌ఎండీఏలో కలిసిపోయింది. 2019లో మెట్రో, 2020 సెప్టెంబర్‌లో దుర్గం చెరువు వంతెన వచ్చాయి.

ఈ పరిణామాన్ని సి. రామచంద్రయ్య, షీలా ప్రసాద్ వంటి పరిశోధకులు నగరాభివృద్ధి నమూనాగా విమర్శనాత్మకంగా చర్చించారు. భూముల ధరలు, మౌలిక సదుపాయాల్లో అసమానత, చెరువుల క్షీణత వారి చర్చలో ముఖ్యాంశాలు. ఆ చర్చకు వయస్సు అన్న కోణాన్ని చేర్చడం అవసరం. 1998లో నలభై ఐదేళ్లున్న రైతుకు 2020 నాటికి అరవై ఏడేళ్లు. అంటే మాదాపూర్ రూపాంతరం ఒక తరం నడివయస్సుకు, వృద్ధాప్యానికి మధ్య జరిగింది. పని చేయగలిగిన కాలంలో పొలం పోయింది. పని చేయలేని కాలానికి ఇల్లు మాత్రమే మిగిలింది.

3. గ్రామకంఠం: పత్రం లేని హక్కు

తెలంగాణ గ్రామాల్లో పొలానికి సర్వే నంబరు, పట్టా, పహాణీ ఉంటాయి. నివాస స్థలమైన గ్రామకంఠానికి, అంటే ఆబాదీకి, సాధారణంగా ఇవి ఉండవు. తరతరాల అనుభవమే హక్కు. పన్ను రసీదు, ఇంటి నంబరు, ఇరుగుపొరుగు సాక్ష్యం దానికి ఆధారాలు. దేశవ్యాప్తంగా ఆబాదీ ఇళ్లకు పత్రాలివ్వడం కోసం 2020 ఏప్రిల్‌లో కేంద్రం స్వామిత్వ పథకాన్ని మొదలుపెట్టవలసి వచ్చిందంటే ఈ లోటు ఎంత విస్తృతమో తెలుస్తుంది.

ఈ లోటును పూరించేది వృద్ధుల జ్ఞాపకమే. ఏ గోడ ఎవరిది, ఏ సందు ఎప్పుడు వదిలారు, కొట్టం స్థలాన్ని అన్నదమ్ములు ఏ ఏడు పంచుకున్నారు, పోచమ్మ గుడికి ఎవరి వాకిలి ముందునుంచి దారి – ఇవన్నీ పెద్దల నోటిలోనే ఉంటాయి. గ్రామం గ్రామంగా ఉన్నంతకాలం ఆ జ్ఞాపకానికి సాక్ష్యపు విలువ ఉంటుంది. తగవు వస్తే పెద్దమనిషిని పిలిచి అడుగుతారు. గోడలు కూలి, స్థలం కొలతలుగా, చదరపు గజాలుగా, రిజిస్టర్డ్ పత్రంగా మారిన క్షణాన ఆ సాక్ష్యం అవసరం తీరిపోతుంది. కూల్చివేతతో వృద్ధుడు కోల్పోయే మొదటి వస్తువు ఇదే. ఏ నష్టపరిహార పట్టికలోనూ దీనికి గడి లేదు.

కారిడార్ గ్రామాల్లో భూసేకరణ ప్రధానంగా పొలాలు, బంజరు, గుట్టల మీదుగా సాగింది. పాత నివాస ప్రాంతం ఇరుకు సందులతో నడుమ మిగిలింది. అయితే మిగిలిన ఇల్లు ఎక్కువకాలం అలాగే నిలవలేదు. ఉద్యోగులకు అద్దె గదుల గిరాకీ పెరగడంతో గూనపెంకుల ఇల్లు, రాతి గోడల భవంతి, పశువుల కొట్టం స్థానంలో నాలుగైదు అంతస్తుల భవనాలు, హాస్టళ్లు లేచాయి. కొన్నిచోట్ల కుటుంబమే అప్పు చేసి కట్టింది. మరికొన్నిచోట్ల స్థలం ఇచ్చి, కట్టిన వాటాల్లో భాగం పొందే డెవలప్‌మెంట్ ఒప్పందాలు జరిగాయి. రెండింటిలోనూ పాత ఇంటిని కూల్చింది ప్రభుత్వ యంత్రం కాదు, వారసుల నిర్ణయం. చిరునామా మారలేదు కనుక దీన్ని ఎవరూ తరలింపు అనలేదు. అయినా వాకిలిలో మంచం వేసుకుని ఊరందరినీ పలకరించిన మనిషి మూడో అంతస్తులోని గదికి చేరితే, ఆ మార్పు తరలింపుకు తక్కువేమీ కాదు.

ఇక్కడ ఆస్తి చట్టం, వృద్ధాప్యం కలుస్తాయి. ఇల్లు తన పేర ఉన్నంతవరకు వృద్ధునికి కుటుంబంలో ఒక పట్టు ఉంటుంది. ఒప్పందం కోసం స్థలాన్ని పంచి, గిఫ్టు దస్తావేజు రాసిచ్చిన తరువాత అతని పోషణ పిల్లల సద్భావం మీద ఆధారపడుతుంది. ఇది కేవలం ఊహ కాదని 2007లో పార్లమెంటు చేసిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టమే చెబుతుంది. ఆ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, తనను పోషించాలన్న షరతుతో వృద్ధుడు ఆస్తి బదిలీ చేసి, పుచ్చుకున్నవారు ఆ షరతు నెరవేర్చకపోతే, ఆ బదిలీని చెల్లనిదిగా ప్రకటించమని కోరవచ్చు. ఆస్తికి, వృద్ధుల పోషణకు విడదీయరాని సంబంధం ఉందని చట్టమే అంగీకరించిందన్నమాట. భూసేకరణ చట్టాల్లో మాత్రం ఈ అంగీకారం కనిపించదు.

స్త్రీల పరిస్థితి మరింత సున్నితమైనది. ఇల్లు చాలాసార్లు భర్త పేరనో, మామ పేరనో ఉంటుంది. 1986 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో అవివాహిత కుమార్తెలకు సమాన హక్కు కల్పించింది, 2005 కేంద్ర సవరణ దాన్ని విస్తరించింది. భూమికి ధర పలికిన గ్రామాల్లో ఆడబిడ్డల వాటా నిజమైన ప్రశ్న అయింది. ఆ పంపకాల మధ్య వృద్ధురాలైన తల్లి వాటా తరచు ఒక గదిగా, లేదా కొడుకుల ఇళ్లలో వంతులవారీ నివాసంగా కుదించుకుపోయే ప్రమాదం ఉంది. భూమి లేని వాడకట్టుల్లో పరిస్థితి వేరు. అక్కడ పంచుకోవడానికి పొలం ధర లేదు. అసైన్డ్ భూమి ఉన్నా, 1977 నాటి బదిలీ నిషేధ చట్టం వల్ల దాన్ని విపణిలో అమ్ముకునే వీలు లేదు. అందువల్ల గ్రామకంఠంలోని రెండు గదుల ఇల్లే ఆ వృద్ధుల మొత్తం ఆస్తి. దాన్ని వదలడానికి వారు చూపే అయిష్టతను మమకారం అన్న ఒక్క మాటలో ఇమడ్చలేము.

4. శ్రీశైలం: రాళ్లకు వరుస సంఖ్యలు

మాదాపూర్‌లో కూల్చివేత కుటుంబం లోపల, క్రమంగా జరిగింది. రాజ్యమే గ్రామాన్ని కూల్చినప్పుడు వృద్ధులకు ఏమి జరిగిందో తెలుసుకోవడానికి తెలుగు నేలపై శ్రీశైలం జలాశయం ముఖ్యమైన ఉదాహరణ. కృష్ణపై కట్టిన ఈ ప్రాజెక్టు కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా గ్రామాలు ప్రభావితమయ్యాయి. 1981 వేసవిలో మిగిలిన గ్రామాలను ఖాళీ చేయించడానికి అధికార యంత్రాంగం చేపట్టిన చర్య "ఆపరేషన్ డిమాలిషన్" పేరుతో ప్రసిద్ధికెక్కింది. వర్షాకాలం రాకముందే ఇళ్లు నేలమట్టం చేయడం దాని లక్ష్యం.

అదే జలాశయం కింద ముంపునకు గురయ్యే ప్రాచీన ఆలయాల విషయంలో రాజ్యం మరో విధంగా వ్యవహరించింది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురానికి తరలించి తిరిగి నిర్మించారు. పాపనాశి ఆలయ సముదాయానికీ అలాంటి రక్షణ లభించింది. అంతకుముందు నాగార్జునసాగర్ నిర్మాణ సమయంలో నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి, ముఖ్య శిథిలాలను ఎత్తయిన ప్రదేశానికి చేర్చారు. ఈ కృషి శ్లాఘనీయం. అయితే ఈ పోలిక ఒక విషయాన్ని స్పష్టం చేస్తుంది. ఒక నిర్మాణాన్ని దాని అమరికతో సహా మరోచోట నిలబెట్టాలంటే ఏం చేయాలో రాజ్యానికి తెలుసు. ఏ రాయి పక్కన ఏ రాయి ఉండాలో గుర్తుపెట్టుకోవాలి. గ్రామం విషయంలో ఆ సూత్రం వర్తించలేదు. ఎవరి ఇంటి పక్కన ఎవరి ఇల్లు ఉండాలన్న వరుస నమోదు కాలేదు. యువకుడు కొత్తచోట కొత్త పొరుగును సంపాదించుకోగలడు. వృద్ధునికి పొరుగంటే జ్వరం వస్తే గంజి కాచి ఇచ్చే చేయి. ఆ వరుస చెదిరితే తిరిగి కూర్చుకోవడానికి అతనికి కాలం మిగలదు.

పునరావాసం ఆలస్యమయ్యే కొద్దీ ఈ అన్యాయం పెరుగుతుంది. శ్రీశైలం తదితర ప్రాజెక్టుల నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగ అవకాశం కల్పిస్తూ 1986లో ప్రభుత్వం 98వ నంబరు ఉత్తర్వు జారీ చేసింది. దాని అమలు కోసం నిర్వాసితుల పోరాటం దశాబ్దాలు సాగింది. ఇల్లు పోగొట్టుకున్నది ఒక తరం, ఉద్యోగానికి అర్జీ పెట్టుకున్నది తరువాతి తరం. 1981 నాటికే వృద్ధులైనవారు ఈ లెక్కలో ఎక్కడా తేలరు. భవిష్యత్తు రూపంలో ఇచ్చే పరిహారం భవిష్యత్తు తక్కువగా ఉన్నవారికి చేరదన్న సత్యాన్ని ఈ ఉదంతం చూపుతుంది.

సప్తనదీ సంగమం వద్ద మునిగిన సంగమేశ్వరాలయం వేసవిలో నీరు తగ్గినప్పుడు బయటపడుతుంది. జనం వెళ్లి పూజలు చేసి వస్తారు. మునిగిన ఇంటికి అలాంటి దర్శన భాగ్యం లేదు. పేర్చిన గోడలు నీటిలో కరిగిపోతాయి.

5. నిబంధనల్లో వృద్ధుడు: వ్యక్తి నుంచి కుటుంబానికి

1894 నాటి భూసేకరణ చట్టం ఆస్తిని మాత్రమే చూసింది. బలవంతపు సేకరణకు ఊరటగా మార్కెట్ విలువపై అదనపు శాతాన్ని చేర్చింది. ఆ శాతం మొదట 15, 1984 సవరణతో 30, 2013 చట్టంలో 100 అయింది. మనసు కష్టాన్ని శాతంగా మార్చే ఈ పద్ధతిలో యజమాని వయస్సుకు చోటు లేదు. పైగా కట్టడం విలువ కట్టేటప్పుడు దాని వయస్సును బట్టి తరుగుదల తీసివేయడం ఇంజనీరింగ్ శాఖల్లో వాడుక. ఫలితంగా అరవై ఏళ్ల నాటి మట్టిగోడల ఇంటికి దాదాపు విలువ ఉండదు. ఆ ఇంట్లో అరవై ఏళ్లు బతికిన మనిషికి అదే అత్యంత విలువైనది.

2007 అక్టోబర్‌లో వెలువడిన జాతీయ పునరావాస, పునఃస్థాపన విధానంలో ఒక విశేషమైన మార్పు కనిపిస్తుంది. నిర్వాసితుల్లో ప్రత్యేక రక్షణ అవసరమైనవారి జాబితాలో వికలాంగులు, అనాథలు, వితంతువులతో పాటు, మరో ఉపాధి చూపలేని యాభై ఏళ్లు పైబడినవారిని చేర్చింది. అలాంటివారికి జీవితాంతం నెలకు కనీసం 500 రూపాయల పింఛను వచ్చేలా ప్రాజెక్టు నిర్వాహకులు ఏర్పాటు చేయాలని చెప్పింది. మొత్తం స్వల్పమే. కానీ వృద్ధాప్యాన్ని ఒక ప్రత్యేక నష్టస్థితిగా గుర్తించి, పరిహారాన్ని నేరుగా ఆ వ్యక్తి పేర, ఆ వ్యక్తి ఆయుఃకాలానికి ముడిపెట్టిన ఆలోచన అందులో ఉంది. ఆశ్రితులైన తల్లిదండ్రులను కూడా ఆ విధానం కుటుంబ నిర్వచనంలో పేర్కొంది.

2014 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన 2013 భూసేకరణ చట్టం ఎన్నో విధాల పురోగామి. సామాజిక ప్రభావ అంచనాను తప్పనిసరి చేసింది. పునరావాస కాలనీలో శ్మశానం, ప్రార్థనాస్థలాలు, జనం కూర్చునే చెట్టు గద్దె వంటివి కూడా ఉండాలని మూడవ షెడ్యూలులో చెప్పింది. రచ్చబండ విలువ తెలిసినవారు రాసిన నిబంధన ఇది. అయితే జీవనాధార పరిహారాన్ని అది కుటుంబం లెక్కన నిర్ణయించింది. ఉద్యోగం, లేదా ఒకేసారి 5 లక్షలు, లేదా ఇరవై ఏళ్లపాటు నెలకు 2,000 రూపాయలకు తగ్గని చెల్లింపు. ఈ మూడింటిలో ఒకటి. ఉద్యోగం వృద్ధునికి పనికిరాదు. ఒకేసారి వచ్చే సొమ్ము ఇంటి అవసరాల్లో, అప్పుల్లో, పిల్లల వ్యాపారాల్లో త్వరగా కలిసిపోతుంది. నెలవారీ చెల్లింపు వృద్ధునికి మేలు, కానీ కుటుంబ నిర్ణయంలో అతని మాట ఎంతవరకు చెల్లుతుందన్నది వేరే ప్రశ్న.

కుటుంబ నిర్వచనంలో ఇంకో చిక్కు ఉంది. 2013 చట్టం ప్రకారం కుటుంబమంటే వ్యక్తి, జీవితభాగస్వామి, మైనరు సంతానం, ఆశ్రితులైన మైనరు తోబుట్టువులు. తల్లిదండ్రుల ప్రస్తావన లేదు. దానికి వివరణగా, వయోజనులైన ప్రతి స్త్రీ, పురుషుడు వేరే కుటుంబంగా పరిగణన పొందుతారని చెప్పింది. అక్షరార్థంలో చూస్తే ఒంటరి వృద్ధురాలు కూడా ఒక పూర్తి కుటుంబమే. ఆచరణలో ఆమె కొడుకు ఇంటి నంబరు కింద, కొడుకు రేషన్ కార్డులో ఉంటుంది. తాను వేరని నిరూపించుకోవలసిన భారం ఆమె మీదే పడుతుంది. 2007 విధానం వృద్ధుని కుటుంబంలో ఉంచి, వ్యక్తిగా పింఛను ఇవ్వమంది. 2013 చట్టం అతన్ని వేరే కుటుంబంగా గుర్తించి, వృద్ధుడన్న గుర్తింపును తొలగించింది. ఈ మార్పు ఎవరి దురుద్దేశం వల్లా వచ్చింది కాకపోవచ్చు. దాని ఫలితం మాత్రం క్షేత్రంలో కనిపించింది.

6. మల్లన్నసాగర్, మూసీ, సున్నం చెరువు

సిద్దిపేట జిల్లాలో 50 టీఎంసీల సామర్థ్యంతో నిర్మించి 2022 ఫిబ్రవరి 23న ప్రారంభించిన మల్లన్నసాగర్ కింద వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డకిష్టాపూర్, రాంపూర్, లక్ష్మాపూర్ తదితర గ్రామాలు అంతరించాయి. 2015 జులై నాటి 123వ నంబరు ఉత్తర్వు ద్వారా నేరుగా భూములు కొనే విధానం హైకోర్టులో సవాలుకు గురైంది. 2017లో రాష్ట్రం చేసిన సవరణ, పునరావాసానికి బదులుగా ఒకే మొత్తంగా సొమ్ము చెల్లించే వీలు కల్పించింది. గజ్వేల్ సమీపంలో నిర్వాసితులకు పెద్ద కాలనీ నిర్మించారు. పక్కా ఇళ్లు, విశాలమైన రోడ్లు వచ్చాయి. అదే సమయంలో ఒంటరిగా ఉంటున్న వృద్ధులకు ప్రత్యేక ఇల్లు, ప్యాకేజీ వర్తిస్తాయా అన్నది తీవ్ర వివాదమైంది. పై విభాగంలో చెప్పిన నిర్వచనపు చిక్కు ఇక్కడ మనుషుల బతుకు సమస్యగా మారింది.

హైదరాబాద్ నగరంలో తరలింపు చరిత్ర ఇంకా పాతది. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వచ్చిన వరద నగరాన్ని అతలాకుతలం చేసింది. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు ఇరుకు బస్తీలను తొలగించి కొత్త నివాసాలు నిర్మించింది. శతాబ్దం గడిచాక, 2024 సెప్టెంబర్‌లో మూసీ పునరుజ్జీవన పథకం కోసం నదీగర్భంలోని ఇళ్లపై ఎర్ర రంగుతో "ఆర్‌బీ-ఎక్స్" గుర్తులు వేశారు. చాదర్‌ఘాట్ పరిసరాల కుటుంబాలను బహుళ అంతస్తుల రెండు పడకగదుల ఇళ్లకు తరలించడం మొదలైంది. ఆ ఇళ్లు సుమారు 560 చదరపు అడుగులవి. వరద భయం లేని పక్కా ఇల్లు రావడం చిన్న మేలు కాదు. కానీ లిఫ్టు మీద ఆధారపడిన పై అంతస్తు, బస్తీ ముందున్న చిన్న దుకాణం కోల్పోవడం, ఆస్పత్రికి మారిన దూరం వృద్ధులకు యువకులకంటే భిన్నమైన లెక్కలు.

అదే ఏడాది మాదాపూర్‌లోనూ కూల్చివేతలు వార్తల్లోకెక్కాయి. చెరువుల రక్షణ కోసం జులైలో ఏర్పడిన హైడ్రా, ఆగస్టు 24న తమ్మిడికుంట వద్ద ఒక పెద్ద వేడుకల ప్రాంగణాన్ని, సెప్టెంబర్ 8న సున్నం చెరువు పరిధిలోని నిర్మాణాలను తొలగించింది. దుర్గం చెరువు చుట్టూ ఉన్న ఇళ్లకు నోటీసులు వెళ్లాయి. గోల్కొండ కోటకు నీరందించిన చెరువుల ప్రాంతంలో వాటి రక్షణ అవసరమే. చెరువు ఎంతవరకు ఉండేదో చెప్పగలిగిన చివరి సాక్షులు పాత గ్రామస్థులైన వృద్ధులే. శిఖం ఎక్కడ, అలుగు ఎక్కడ, ఏ కాలువ ఏ చెరువులోకి దిగేదన్న జ్ఞానం వారిది. ఆ జ్ఞానాన్ని పటాలతో పాటు ఆధారంగా తీసుకునే పద్ధతి ఉంటే కూల్చివేతకు ముందే అనేక వివాదాలు తేలే వీలుంది.

7. అయిష్టతలోని తర్కం

పై ఉదంతాలను కలిపి చూస్తే వృద్ధుల వైఖరిని "వద్దు", "సరే" అన్న రెండు మాటలుగా విభజించడం కుదరదు. మాదాపూర్‌లో కొడుకుల నిర్మాణానికి ఒప్పుకున్న తండ్రి, మల్లన్నసాగర్‌లో ఊరు విడవనన్న తండ్రి ఒకే ప్రశ్నకు జవాబు చెబుతున్నారు. కూల్చిన తరువాత నా పేర ఏమి మిగులుతుంది, నన్ను ఎవరు చూస్తారు అన్నదే ఆ ప్రశ్న. తన పేర ఒక గది, ఒక అద్దె ఆదాయం, దగ్గరలో బంధువు ఉంటాయన్న నమ్మకం ఉన్నచోట సమ్మతి వస్తుంది. అవి లేనిచోట అయిష్టత వస్తుంది. పాత ఇంటిలో మరుగుదొడ్డి లేక ఇబ్బంది పడిన వృద్ధురాలు కొత్త ఇంటిని కోరుకోవడంలోనూ, పక్కింటి చెల్లెలు వేరే బ్లాకుకు వెళుతుందని తెలిసి వెనకాడడంలోనూ వైరుధ్యం లేదు.

ఊరు అన్న భావనకు ఉన్న ఆధ్యాత్మిక పార్శ్వాన్ని కూడా ఈ తర్కంలో భాగంగానే చూడాలి. తెలంగాణ గ్రామానికి బొడ్రాయి నాభి వంటిది. పోచమ్మ, మైసమ్మ గుడులు ఊరి ఎల్లలను కాపాడతాయని విశ్వాసం. పునరావాస కాలనీలో బొడ్రాయిని తిరిగి ప్రతిష్ఠించుకోవడం ద్వారా ప్రజలు స్థలాన్ని ఊరుగా మార్చుకుంటారు. ఆ క్రతువులో ఎవరి ఇంటి నుంచి ఏ వంతు, ఏ కులానికి ఏ విధి అన్నది పెద్దలు చెప్పవలసిందే. వృద్ధుని స్థానం తాత్కాలికంగానైనా తిరిగి నిలబడే సందర్భమిది. కారిడార్ గ్రామాల్లో ఆషాఢ బోనాలు అద్దాల భవనాల నడుమ నేటికీ సాగడం వెనుక భక్తితో పాటు ఈ అవసరం కూడా ఉందని భావించవచ్చు.

8. ముగింపు

ఈ పరిశీలన నుంచి కొన్ని నిర్ణయాలు తేలుతున్నాయి.

1. కూల్చివేత పట్ల గ్రామీణ వృద్ధుల అయిష్టతను మమకారంగా మాత్రమే గుర్తించడం వల్ల దానిలోని ఆర్థిక, కుటుంబ తర్కం మరుగున పడింది. ఇల్లు వారికి పోషణకు పూచీ.

2. మాదాపూర్ వంటి గ్రామాల్లో వారసుల చేతుల మీదుగా జరిగిన కూల్చివేతను కూడా తరలింపు చరిత్రలో భాగంగా అధ్యయనం చేయాలి. చిరునామా మారకపోవడం స్థానభ్రంశం జరగలేదనడానికి ఆధారం కాదు.

3. గ్రామకంఠంలో హక్కుకు వృద్ధుల జ్ఞాపకమే పత్రం. దాన్ని కూల్చివేతకు ముందే నమోదు చేయడం హక్కుల రక్షణకు, స్థానిక చరిత్రకు, చెరువుల ఎల్లల నిర్ణయానికి ఉపకరిస్తుంది.

4. 2007 విధానంలోని వ్యక్తిగత జీవితకాల పింఛను ఆలోచనను 2013 చట్టపు మెరుగైన పరిహారంతో కలపడం అవసరం. సొమ్ము, ఇల్లు వృద్ధుని పేరనే నిలిచేలా చూస్తే వయోవృద్ధుల పోషణ చట్టం ఆశించిన రక్షణ పునరావాసానికీ వర్తిస్తుంది.

5. కూడవెల్లి ఆలయానికి పాటించిన సూత్రం గ్రామానికీ వర్తించాలి. ఇళ్ల కేటాయింపులో పాత పొరుగు వరుసను కాపాడడానికి ఖర్చు కంటే శ్రద్ధే ఎక్కువ కావాలి.

మాదాపూర్‌లో సాగు చేసిన తరం క్రమంగా కనుమరుగవుతోంది. కారిడార్ చరిత్రను సంస్థల స్థాపన తేదీలతో రాయడం సులభం, ఆ తేదీలు ఎక్కడికీ పోవు. ఏ సందులో ఎవరి వాకిలి ఉండేదో చెప్పగలిగినవారితో మాట్లాడే పని మాత్రం వాయిదా వేయదగినది కాదు. పరిశోధక విద్యార్థులు, ముఖ్యంగా ఆ గ్రామాల నుంచే వచ్చినవారు, తమ ఇళ్లలోని పెద్దల నుంచి ఈ పనిని ప్రారంభించవలసి ఉంది.